ఫార్మాట్ కొట్టే ముందు

ఈ వారం మాదాపూర్‌లో ఒక కుర్రాడు చప్పుడు చేస్తున్న పాత హార్డ్ డిస్కును కంప్యూటర్‌లోంచి పీకేశాడు. రోజూ వాడే ఉబుంటు ఎస్‌ఎస్‌డీలోనే ఉంది కదా అని ధీమా. ఆన్ చేస్తే నల్లటి తెర మీద 'నో సచ్ డివైస్', కింద 'గ్రబ్ రెస్క్యూ'. "ఫార్మాట్ కొట్టేద్దామా అన్నా?" అని ఫోన్ చేశాడు. ఆ మాట మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు.

జరిగింది ఇదీ. ఆ పాత డిస్కులో నేర్చుకోవడానికని డెబియన్ ఎక్కించినప్పుడు, దాని బూట్‌లోడర్ గ్రబ్ వచ్చి ఎస్‌ఎస్‌డీ మొదట్లో కూర్చుంది. అక్కడి 512 బైట్ల సెక్టారులో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే, తర్వాతి ముక్కను పిలవడానికే సరిపోతుంది. ఆ ముక్క మిగతా సరంజామా కోసం డెబియన్ బూట్ ఫోల్డర్‌ను వెతుకుతుంది. అదేమో డిస్కుతోపాటే పోయింది. ఉబుంటు చెక్కుచెదరలేదు.

ఎల్‌ఎస్‌తో ఉబుంటు పార్టిషన్ పట్టుకుని, ప్రిఫిక్స్, రూట్ దానికి మార్చి, 'ఇన్‌స్‌మాడ్ నార్మల్', ఆపైన 'నార్మల్' కొట్టించాను. మెనూ వచ్చింది. లోపలికెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, అదీ పార్టిషన్‌కు కాదు, మొత్తం డిస్కుకు. తర్వాత అప్‌డేట్-గ్రబ్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత డిస్కు వరుస కూడా తీసేయించాను. ఉంచితే 90 సెకన్లు దానికోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది.

మా తరం ఈ విద్యను విండోస్ పుణ్యమా అని నేర్చుకుంది. సికింద్రాబాద్ సీటీసీలో భాగాలు కొని బిగించుకున్న మెషిన్లు, పక్కపక్కనే రెండు ఓఎస్‌లు. విండోస్ మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ గ్రబ్ తుడిచిపెట్టుకుపోయేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 'స్వేచ్ఛ' కార్యకర్తలు తెలుగు డెస్క్‌టాప్‌ను ఇంజినీరింగ్ కాలేజీలకు మోసుకెళ్లిన రోజుల్లో, ఇన్‌స్టాల్ చేయడంకన్నా పోయిన గ్రబ్‌ను తిరిగి తేవడమే పిల్లలకు అసలు పాఠమైంది. డిస్కు లోపల ఏం జరుగుతుందో అక్కడే అర్థమయ్యేది. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గౌరవం.

అయినా ఈసారి ఫార్మాట్‌ను తిట్టబుద్ధి కావడం లేదు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఐటీ వాళ్లు కొత్త ఇమేజ్ ఎక్కించి ఇచ్చేస్తారు. కోడ్ గిట్‌లో ఉంటుంది, సెట్టింగులు స్క్రిప్టులో ఉంటాయి, పోయేదేమీ లేదు. అది బద్ధకం కాదు, మంచి పద్ధతి. మా కుర్రాడి దగ్గర మాత్రం ప్రాజెక్టుకు రెండో కాపీ లేదు. అతనికి నేర్పాల్సిన మొదటి పాఠం గ్రబ్ కాదు, బ్యాకప్.

మీరూ డిస్కు పీకే ముందు కాపీ తీసుకోండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏది ఎక్కడుందో చూడండి. యూఈఎఫ్‌ఐ మెషిన్ అయితే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఏ డిస్కులో ఉందో కూడా చూసుకోండి.