వినేవాళ్లుంటేనే కబురు

సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ ఉన్నట్టుండి నెమ్మదిస్తే మొదటి సందేహం ఒకటే: లోపం ప్రోగ్రామ్‌లో ఉందా, కింద కెర్నెల్‌లో ఉందా? ఎవరి లాగ్ వాళ్లు రాసుకుంటే ఆ రెంటి సమయాలూ సరిచూడటంతోనే పొద్దు గడిచిపోతుంది. రెండూ ఒకే చిట్టాలో, జరిగిన వరుసలో పడాలి. ట్రేస్ మార్కర్ అనే ఫైలుతో ఇది ముందునుంచే సాధ్యం. కానీ వినేవాళ్లు, అంటే ట్రేసింగ్ ఆన్ చేసినవాళ్లు, లేకున్నా ప్రతిసారీ కెర్నెల్ గడప తొక్కాల్సిందే. 2023లో లైనక్స్ 6.4తో వచ్చిన ‘యూజర్ ఈవెంట్స్’ ఆ వృథా ప్రయాణాన్ని తప్పించింది.

ప్రోగ్రామ్ మొదలవుతూనే ఒక సిస్టమ్ కాల్‌తో తన ఈవెంట్ పేరునూ, అందులోని ఫీల్డుల రకాలనూ కెర్నెల్‌కు చెబుతుంది. తన మెమరీలోనే ఒక చిరునామా ఇచ్చి, అక్కడ ఫలానా బిట్ అని చూపిస్తుంది. బదులుగా కెర్నెల్ ఒక నంబరు ఇస్తుంది.

నేర్పంతా ఆ ఒక్క బిట్‌లోనే ఉంది. మామూలుగా అది 0. ఈవెంట్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రోగ్రామ్ దాన్ని చూసుకుని సాగిపోతుంది, కెర్నెల్ జోలికి పోదు. ఎవరైనా ఎఫ్‌ట్రేస్, పెర్ఫ్ వంటి ట్రేసింగ్ సాధనాలతో ఆ ఈవెంట్‌ను ఆన్ చేస్తే కెర్నెలే ప్రోగ్రామ్ మెమరీలోకి వెళ్లి ఆ బిట్‌ను 1 చేస్తుంది. ఆ పేజీ అప్పటికి ర్యామ్‌లో లేదనుకోండి, దాన్ని తెప్పించే పనిని వర్క్‌క్యూకు (కెర్నెల్ పనులను వెనకవైపు చేసిపెట్టే వరుసకు) అప్పగించి, పేజీ వచ్చాక బిట్ మారుస్తుంది. ఇంత చిన్న మూలను కూడా వదలకుండా ఆలోచించడమే పనితనం.

బిట్ 1 అయితే ప్రోగ్రామ్ మామూలు ‘రైట్’ కాల్‌తోనే కబురు పంపుతుంది: మొదటి నాలుగు బైట్లలో తనకిచ్చిన నంబరు, ఆ వెనక వివరాలు. సరిగ్గా ఆ లోపే ఎవరైనా ట్రేసింగ్ ఆపేస్తే ఆ కాల్ ఒక ఎర్రర్ కోడ్‌తో తిరిగొస్తుంది, ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుపోవచ్చు.

కబురు చేరేది రింగ్ బఫర్‌లోకి. ఒక సీపీయూ మరోదాని కోసం ఆగకుండా దేని బఫర్ దానిదే. రికార్డు హెడర్ 32 బిట్లే: రకానికీ నిడివికీ 5, ముందు రికార్డు నుంచి గడిచిన కాలానికి 27. నానోసెకన్ల లెక్కన 27 బిట్లలో పట్టేది సుమారు 134 మిల్లీసెకన్లు. ఎడం అంతకు మించితే కాలాన్ని పొడిగించే రికార్డు ఒకటి ముందు పడుతుంది. పూర్తి సమయం కాకుండా తేడా మాత్రమే రాసే ఈ పొదుపు నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

చివరికి ట్రేస్ ఫైలులో ప్రోగ్రామ్ ఈవెంట్ ఒక వరుస, దాని కిందే సీపీయూ మరో పనికి మళ్లిందని కెర్నెల్ రాసిన వరుస. ఆలస్యం ఎక్కడ పుట్టిందో కంటికి కనబడుతుంది. సీ భాష తెలిసినవారు కెర్నెల్ సోర్సులోని శాంపిల్స్ ఫోల్డర్‌లో దీని ఉదాహరణను తెరిచి చదవండి. చాలా చిన్న ప్రోగ్రామ్ అది.