ఇద్దరు బుల్లెట్ల పంచాయితీ

మా దేవరకొండ మామయ్యది 1984 ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. వాళ్ళబ్బాయిది 2023 మోడల్. ఏది గట్టిదో తేల్చమని నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు.

కాగితం మీద లెక్క చూస్తే నవ్వొచ్చింది. పాతది 346 సీసీ, కొత్తది 349. అప్పుడు 18 గుర్రాలు, ఇప్పుడు 20 చిల్లర. నలభై ఏళ్ళ సంపాదన రెండు గుర్రాలేనా! అవీ ఒంటికి పట్టలేదు: పాతది 160 చిల్లర కిలోలైతే, కొత్తది 195. బరువు లెక్కన మామయ్య బండే వెంట్రుకవాసి ముందుంది. ఆ మాట వినగానే ఆయన మీసం దువ్వుకున్నాడు.

రెండూ తోలి చూశాను. డిండి మీదుగా మన్ననూరు దాకా తేడా పెద్దగా తెలీలేదు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాముకి దిగే ఘాటులో తెలిసింది. పాతదానికి డ్రమ్ము బ్రేకులు. గేరు తగ్గించి ఇంజనుతోనే బండిని పట్టుకోవాలి, ఆ గేరూ కుడికాలి దగ్గర. కొత్తదానికి ముందు డిస్కు, ఏబీఎస్. లోపలి బాలెన్సర్ షాఫ్టు వణుకంతా మింగేస్తుంది. ఆ పాత డుగ్గుడుగ్గు లేదంటారా, లేదు మరి! అయినా తీర్పు కొత్తదానికే ఇచ్చాను.

మామయ్య కిమ్మనలేదు. మోకాలి ఆపరేషనయ్యాక ఆయన కిక్కు కొట్టి ఆరు నెలలైంది. కొత్తదానికి కిక్కే లేదు, మీట నొక్కితే చాలు.

"ఏదిరా, గా తాళంచెవి ఒక్కపారి ఇటియ్యి" అన్నాడు కొడుకుతో.