కామాఠీపుర పేరు ఎవరిది?

మన వలస కథలకు ఒక అలవాటుంది. ఊళ్లో కరువొస్తుంది, మగ్గం ఆగుతుంది, అప్పు పెరుగుతుంది, మనిషి రైలెక్కుతాడు. రచయిత మాత్రం స్టేషన్లోనే ఆగిపోతాడు. ఆ తర్వాత ఆ మనిషి మనకు కనిపించేది రోగిగానో శవంగానో. ఈ కథల్లో బొంబాయి మనుషుల్ని మింగే నోరు. ఆ విషాదం అబద్ధమని నేననను. కాని మింగబడ్డవాడు అంతకుముందు ఆ నగరాన్ని కట్టాడన్న సంగతి ఈ కథల్లో ఎక్కడుంది?

మా స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలుంది. ములుగు వైపున్న కోటగుళ్ల ఘన్‌పూర్ నుంచి దీన్ని వేరుచేసేది ఆ స్టేషనే. పాత వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు బొంబాయి మిల్లులకు, షోలాపూర్, భీవండీ సాంచాలకు పోయారు. వాళ్లకంటే ఎంతో ముందు, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే, నిజాం ఇలాకా తెలుగు కామాటివాళ్లు బొంబాయిలో మట్టి తవ్వారు, రాళ్లు మోశారు, ఇళ్లు కట్టారు. కామాఠీపుర పేరు వాళ్లదే. ఇవాళ ఆ పేరు వింటే మనవాళ్లకు స్ఫురించేది వేశ్యావాటిక ఒక్కటే. కష్టజీవుల పేరు చెవికి అవమానంగా ఎట్లా మారిందన్నది ఒక నవలకు చాలినంత వస్తువు.

ఆ పేటనూ దాన్నానుకొని ఉన్న గోల్‌పీఠానూ కవిత్వంలోకి తెచ్చింది మరాఠీవాడు, నామ్‌దేవ్ ఢసాల్. ఆయన 'గోల్‌పీఠా' 1972లో వచ్చింది. ఢసాలూ పల్లె నుంచి వచ్చినవాడే. ఆ వీధిని జాలితో చూడక, అక్కడి తిట్లనూ అక్కడి కలగలుపు భాషనూ కవిత్వానికి పునాదిగా చేసుకున్నాడు. అంతకు ఆరేళ్ల ముందే నారాయణ్ సుర్వే తన సంపుటికి 'మాఝే విద్యాపీఠ్' అని పేరు పెట్టాడు. వీధినే విశ్వవిద్యాలయం అన్నాడు. మన కథకులకు వీళ్లకన్నా ప్రతిభ తక్కువని నేననుకోను. వీళ్లు చాల్‌లో నిలబడి రాశారు, మనం ప్లాట్‌ఫారం మీద నిలబడి రాస్తున్నాం.

చరిత్ర మనకేమీ ఇవ్వలేదా? జోతీరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో తెలుగు గుత్తేదార్లున్నారు. గుత్తేదార్లు అన్నప్పుడే ఒక మెలిక కూడా ఉంది. మట్టి మోసినవాడూ మోయించినవాడూ ఒకే తెలుగు మాట్లాడారు. 'ప్రవాసాంధ్ర సంస్కృతి' అని గంపగుత్తగా మురిసేవాళ్లు దీన్ని దాటవేస్తారు. 1966లో పుట్టిన శివసేన దక్షిణాదివాళ్ల మీద విషం కక్కింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మెలో మరాఠీ, తెలుగు, హిందీ మాట్లాడే దాదాపు రెండున్నర లక్షలమంది కలిసి పని మానేశారు. ఈ పదహారేళ్లలో ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారు? ఏ భాషలో తిట్టుకున్నారు? రాయవలసింది అది.

దీనికి ఎదురుకొసన మరో లోపముంది. హైదరాబాద్ మిశ్రమ సంస్కృతి గురించి రాసేటప్పుడు బిర్యానీ, ముషాయిరా, ఇరానీ చాయ్‌తో తృప్తిపడతాం. ఆ చాయ్ కప్పులు కడిగిన పిల్లవాడు ఏ జిల్లావాడో అడగం. కలయిక అలంకారమైపోతుంది. కాళోజీని చూడండి. తల్లి కన్నడిగ, తండ్రి మరాఠీ, పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో, పెరిగింది మడికొండలో. పలుకుబడుల భాష కోసం అందరికంటే గట్టిగా కొట్లాడింది ఈ 'బయటి' ఇంటి బిడ్డే. సంస్కృతి కలవడమంటే నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది.

ఇప్పుడు రైలు మన వైపే వస్తోంది. 2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చి గోనెసంచులు కుట్టుకుని బతికిన ఒకే కుటుంబంవాళ్లు. హంతకుడుగా శిక్షపడ్డవాడూ బీహార్ నుంచి వచ్చిన కూలీయే. ఆ కుటుంబం ఏళ్ల తరబడి మన మధ్య బతికింది. మన కథల్లోకి శవాలుగా కూడా సరిగా రాలేదు. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసే బీహారీ హమాలీలు మన తెలుగు నేర్చుకుంటున్నారు. ఆ తెలుగు ఎట్లుంటుందో నేను చదివిన ఏ కథలోనూ ఇంకా వినపడలేదు.