చూసిపోయేవాళ్లు కారు

నెలలు నిండకుండా బిడ్డ పుట్టిందని తెలిస్తే మన ఇళ్లలో ముందుగా అడిగే మాట, "బాక్సులో పెట్టారా?" అని. బాక్సులో పెట్టారంటే ఇక బిడ్డ డాక్టర్ల సొత్తు. అయినవాళ్లకు మిగిలేది బయట బెంచీ మీద కూర్చోవడం, చీటీ ఇస్తే మందులు తేవడం, అడిగినప్పుడు పాలు పిండి పంపడం, వేళకు అద్దంలోంచి ఒకసారి చూసి రావడం. ఇది తల్లిదండ్రులకూ సబబుగానే తోస్తుంది. కిలోంబావు బిడ్డను ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం వాళ్లకూ ఉంటుంది మరి. ఈ ఏర్పాటు తప్పని నా వాదన. అమ్మా నాన్నా ఆ వార్డుకు చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు కారు, చికిత్సలో వాళ్లు ఒక భాగం. మందుకు మోతాదు ఉన్నట్టే వాళ్ల సాన్నిధ్యానికీ ఒక లెక్క ఉండాలి, వేళకు అందాలి, తగినంత సేపు అందాలి. దీన్ని ఆసుపత్రి చూపే దయగా చూసినంతకాలం అంతా ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టరమ్మ మనసును బట్టే నడుస్తుంది.

తల్లిని బిడ్డ దగ్గరే ఉంచి, బిడ్డను ఎదమీద పెట్టే ఈ పద్ధతి లేమిలోంచి పుట్టింది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఒకరికి మించి బిడ్డల్ని పెట్టాల్సి వచ్చి, ఒకరి జబ్బు మరొకరికి అంటుకుంటుంటే, బిడ్డల్ని తల్లుల ఎదమీద కట్టించాడు. మరుసటి ఏడాది ఎస్టోనియాలోని టాలిన్‌లో ఆడిక్ లెవిన్ నర్సుల కొరత వల్ల తల్లులనే రాత్రింబవళ్లు బిడ్డల దగ్గర ఉంచాడు. దాంతో చాలా ఏళ్లు దీనికి 'గతిలేనివాళ్ల వైద్యం' అన్న ముద్ర పడింది. డబ్బుకు కొదవలేని స్వీడన్ ఆ ముద్రను చెరిపేసింది. స్టాక్‌హోమ్‌లో 366 మంది బిడ్డల మీద జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో, అమ్మానాన్నలు ఇరవై నాలుగు గంటలూ ఉండే వీలున్న వార్డుల్లోని బిడ్డలు సగటున 5 రోజులు ముందుగా ఇంటికి వెళ్లారు.

అసలు తిరుగులేని సాక్ష్యం 2021లో వచ్చింది, అందులో మన దేశానికీ భాగముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారత్‌లలో అయిదు ఆసుపత్రులను ఎంచుకుంది. మన దగ్గర ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది బిడ్డలు. కొందరిని పాత రివాజు ప్రకారం, నిలకడ వచ్చాక తల్లికి ఇచ్చారు. మిగతావాళ్లను నిలకడ కోసం ఆగకుండా పుట్టిన కాసేపటికే తల్లి ఎదమీద పెట్టారు. తల్లి మంచాన్ని కూడా బిడ్డ ఉన్న ఐసీయూలోకే తెచ్చారు. వీళ్లకు రోజుకు దాదాపు 17 గంటలు తల్లి ఒంటి వెచ్చదనం దొరికితే, వాళ్లకు ఐసీయూలో దొరికింది గంటన్నర. 28 రోజుల్లోపు పాత పద్ధతిలో 15.7 శాతం మంది చనిపోతే, కొత్త పద్ధతిలో 12 శాతమే. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఇంకా కొందరు బిడ్డల్ని తల్లికి దూరంగా ఉంచడం న్యాయం కాదని పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. మందుల కంపెనీ ఏదైనా ఇలాంటి ఫలితం చూపించి ఉంటే ఈపాటికి ఆ మందు ప్రతి జిల్లా ఆసుపత్రి స్టోరులోనూ ఉండేది.

చేసే పని చూస్తే మాత్రం ఎంతో మామూలుగా ఉంటుంది. గాజులు, ఉంగరం తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని తల్లి వాలు కుర్చీలో కూర్చుంటుంది. టోపీ, డైపరు, మేజోళ్లు తప్ప ఒంటిమీద ఏమీలేని బిడ్డను రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్లు కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి ఆనించి గుడ్డతో బిగించి కడతారు. తల ఎందుకు తిప్పుతారంటే, మెడ ముందుకు వాలితే అంత చిన్న బిడ్డకు ఊపిరి ఆడదు. ఇలాంటి పిల్లలు ఉన్నట్టుండి ఊపిరి తీయడం మరిచిపోతారు. ఎదమీద ఉన్న బిడ్డ ఊపిరి తగ్గిందని ముందుగా తెలిసేది తల్లికే, అరికాలు మెల్లగా రుద్దితే బిడ్డ మళ్లీ ఊపిరి అందుకుంటుంది. పాలు చీకే బలం వచ్చేదాకా ఉగ్గుగిన్నెతో బొట్టు బొట్టుగా పెదవి మీద వంచి, మింగిందని చూసుకుని మళ్లీ వంచాలి. పది మంది బిడ్డల్ని చూసే నర్సుకు ఒక్కో బిడ్డ దగ్గర అంత ఓపిక ఎక్కడిది?

బయటివాళ్లు వస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందనేది అందరికన్నా ముందు వినిపించే అభ్యంతరం. భయం న్యాయమైనదే, లెక్కలే దానికి తోడు రావడం లేదు. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి లోపలికి రానిచ్చినప్పుడు ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. తల్లిపాలతోనే ఇంటికి వెళ్లిన బిడ్డలు మాత్రం పెరిగారు. సఫ్దర్‌జంగ్ ఉన్న ఆ పరిశోధనలోనైతే ఇన్‌ఫెక్షన్ అనుమానాలు తగ్గాయి కూడా. ఆసుపత్రుల్లో పాతుకుపోయిన మొండి సూక్ష్మజీవులకంటే తల్లి చర్మం మీద ఉండేవి బిడ్డకు మేలు. చేతులు కడిగించే కట్టుబాటు లేకపోతే మాత్రం ఈ మాట చెల్లదు.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. నర్సుల పోస్టులు భర్తీ చేయకుండా ఆ పని బాలింత నెత్తిన రుద్దడానికి ఇదో సాకు కాదా? కావచ్చు. టాలిన్‌లో మొదలైందే అలా కదా. అందుకే గీత ఎక్కడ గీయాలో ముందే తేల్చుకోవాలి. పాలు పట్టడం, గుడ్డలు మార్చడం, ఎదమీద ఉంచుకోవడం, ఒంటిరంగు మారిందేమో, పాలు కక్కుతోందేమో కనిపెట్టడం తల్లిదండ్రులవి. సూదులు, సెలైన్లు, ఆక్సిజన్, మిషన్లు సిబ్బందివి. తల్లికి నేర్పడానికీ నర్సు సమయం కావాలి, కాబట్టి మొదట్లో నర్సుల పని పెరుగుతుందే గానీ తగ్గదు. కేంద్ర ప్రభుత్వం 2017లోనే ఈ కుటుంబ భాగస్వామ్యానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చూపించి నర్సుల సంఖ్య తగ్గిస్తామనే ఆసుపత్రికి ఈ పద్ధతి అర్థం కాలేదనే అనుకోవాలి.

పెద్దవాళ్ల మాట కూడా ఉంది: బాలింత గాలికి తిరగకూడదు, మంచం దిగకూడదు. సిజేరియన్ అయిన మనిషి పదిహేడు గంటలు కూర్చోలేదన్నది నిజమే. కానీ ఎద ఎవరిదైనా వెచ్చగానే ఉంటుంది. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ వంతులు వేసుకోవచ్చు, ఆ అయిదు ఆసుపత్రుల్లోనూ ఇంట్లోవాళ్లు అలా చేశారు. ఆడవాళ్ల వార్డని తండ్రిని గుమ్మంలో ఆపే అలవాటును మన ఆసుపత్రులు ముందు మానుకోవాలి, ఒక తెర కడితే సరిపోయే పని అది.

చివరికి అడ్డొచ్చేది డబ్బు. జీతం మీద పనిచేసే తల్లికి చట్టం 26 వారాల దాకా సెలవు ఇస్తుంది. నెలలు తక్కువ కాన్పు వల్ల ఆమెకు జబ్బు చేస్తే మరో నెల. బిడ్డకు జబ్బు చేస్తే ఆ నెల గురించి చట్టం మాట్లాడదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. కూలికి వెళ్లే తండ్రి ఒక పూట బిడ్డను ఎదకు కట్టుకుంటే ఆ పూట కూలి పోయినట్టే. జననీ శిశు సురక్ష కార్యక్రమంలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు అని లెక్క కట్టారు. కిలోంబావు బిడ్డ వారాల తరబడి వార్డులో ఉంటుంది. ఆ గడువు తీరిన మర్నాటి నుంచి ఆ తల్లి పళ్లేనికి, పడుకునే మంచానికి, కూలి పోయిన తండ్రికి రోజు భత్యానికి ఇంక్యుబేటర్ల పద్దు పక్కనే ఒక పద్దు రాసి పెట్టాలి.