బుచ్చమ్మ భూమి: కన్యాశుల్కంలో వితంతువు ఆస్తి, చట్టం, ప్రవాసం

కన్యాశుల్కం నాటకంలోని వితంతువులను గూర్చి తెలుగు విమర్శలో జరిగిన చర్చ అధికభాగం వివాహ సమస్య చుట్టూ తిరిగింది. బుచ్చమ్మ అమాయకురాలా, గిరీశం ప్రేమ నటనయా, సౌజన్యారావు పంతులు ఉదారుడా అన్న ప్రశ్నలకు లభించిన ప్రాధాన్యం, ఆ వితంతువుల చేతిలో ఏమున్నదన్న ప్రశ్నకు లభించలేదు. ఉత్తరాంధ్ర అగ్రహారాల జీవితంలో వైధవ్యం ఎంత శోక విషయమో అంత వ్యాజ్య విషయం కూడా. నాటకంలో ఈ రెండవ పార్శ్వం స్పష్టంగా ఉన్నది.

ఈ కోణంలో మొదట పరిశీలించవలసినది పూటకూళ్లమ్మ. నాటకంలోని వితంతువులలో స్వార్జితం గల స్త్రీ ఈమె ఒక్కతే. మీనాక్షి తండ్రి కొంపలో బందీ. బుచ్చమ్మ తండ్రి చెప్పుచేతలలో ఉన్నది. పూటకూళ్లమ్మకు ఇల్లున్నది, వృత్తి ఉన్నది, రొక్కమున్నది. సరుకులకని ఆమె ఇచ్చిన ఇరవై రూపాయలను గిరీశం మధురవాణికి సమర్పించుకోవడంతోనే నాటక వ్యవహారం మొదలవుతుంది. మోసపోయిన ఆ స్త్రీ ఏడుస్తూ కూర్చోదు, చీపురు పట్టుకొని మధురవాణి ఇంటికి వస్తుంది. ఆ దెబ్బ తగలవలసినవానికి తగలక రామప్పంతులుకు తగలడం ప్రహసనమే కాని, తన సొమ్ము తాను అడగడానికి పరాయి ఇంట అడుగుపెట్టిన వితంతువు ఆనాటి సాహిత్యంలో అరుదైన పాత్ర. నోటి దురుసు, తిక్క అని విమర్శ తేలికగా తీసుకొన్న గుణాలు నిజానికి ఆర్జన ఇచ్చిన చొరవ. ప్రేక్షకుడు నవ్వినంత సేపూ ఈ సంగతి మరుగున పడుతుంది. విమర్శకుడు కూడా నవ్వుతో సరిపెట్టుకోవడం సబబు కాదు.

బుచ్చమ్మ విషయం ఇంతకంటె జటిలం. కృష్ణరాయపురం అగ్రహారంలోని అగ్నిహోత్రావధాన్లు ఆమెను ముసలివానికి కట్టబెట్టి శుల్కం పుచ్చుకొన్నాడు. అల్లుడు పోయిన తరువాత ఆ వైపు భూమికై దావాకు దిగాడు. ఒకే కూతురి మీద రెండు రాబడులు: పెళ్లినాడు శుల్కం, వైధవ్యంలో భూమి. నాటకపు పేరు మొదటి రాబడిని సూచిస్తున్నందువల్ల కాబోలు, రెండవదానిని అవధాన్ల వ్యాజ్యపిచ్చికి ఉదాహరణగా మాత్రమే చూడడం ఆనవాయితీ అయింది. ఆనందగజపతి మహారాజు చేయించిన లెక్కలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 కన్యాశుల్క వివాహాలు తేలాయని, వాటిలో ఏడాది వయసు పిల్లలు ముగ్గురని గురజాడ మొదటి కూర్పు పీఠికలో పేర్కొన్నారు. ఆ పట్టిక పెళ్లిళ్లను లెక్కించింది. ఆ పెళ్లిళ్లు మిగిల్చిన వితంతువుల లెక్క, వారి పేర నడిచిన దావాల లెక్క నాటకానికి మిగిలింది.

ఇక్కడ నాటి చట్టాన్ని గమనించనిదే కథాగమనం పూర్తిగా బోధపడదు. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం వివాహాన్ని సక్రమం చేసిన మాట ప్రసిద్ధం. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానికి ఆ చట్టమే అండ. అయితే దాని రెండవ సెక్షను అంతగా ప్రసిద్ధం కాదు. భర్త నుండి వారసత్వంగానో మనోవర్తిగానో వితంతువుకు సంక్రమించిన హక్కులన్నీ ఆమె మళ్లీ పెళ్లాడిన క్షణాన, ఆమె అప్పుడే మరణించినట్లుగా, రద్దవుతాయని ఆ సెక్షను సారాంశం. ఆస్తి మొదటి భర్త తరువాతి వారసులకు పోతుంది. కొత్త జీవితం ఇచ్చిన చట్టమే, ఆస్తి విషయంలో ఆ స్త్రీకి మరణాన్ని కూడా విధించింది.

దీనికి తోడు ప్రివీ కౌన్సిలు 1880లో మణిరాం కొలిత వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ఒకటి ఉన్నది. భర్త ఆస్తి ఒకసారి సంక్రమించిన తరువాత వితంతువు శీలం తప్పినా ఆ ఆస్తి పోదని ఆ తీర్పు తేల్చింది. రెండింటినీ పక్కపక్కన పెడితే తేలేది విచిత్రం: పెళ్లి చేసుకొన్న వితంతువు ఆస్తి పోగొట్టుకొంటుంది, పెళ్లి లేకుండా లేచిపోయిన వితంతువు నిలుపుకొంటుంది. సంస్కరణవాదులు, పూర్వాచారపరులు ఇద్దరూ సిగ్గుపడవలసిన స్థితి ఇది.

ఈ వెలుగులో గిరీశం పథకాన్ని చూడాలి. బుచ్చమ్మను లేవదీసుకొనిపోయి పెళ్లాడితే భూమి కూడా చేతికి వస్తుందన్న ఆశ చట్టం ముందు నిలవదు. పెళ్లి జరిగిన మరుక్షణం లాభపడేవారు దాయాదులు, అనగా అవధాన్లు ఎవరి మీద దావా నడుపుతున్నాడో వారే. మామ కోర్టులో సాధించబోయినది అల్లుడు పెళ్లిపీటల మీద పోగొడతాడు. ఇంగ్లీషు పరిజ్ఞానం ప్రదర్శించి దావా కాగితాలలో సాయపడతానన్న గిరీశానికి ఈ ఒక్క సెక్షను తెలియకపోవడం నాటకంలోని లోతైన వ్యంగ్యాలలో ఒకటి. గురజాడ దీనిని ఉద్దేశించి రాశారా అన్నది వేరే ప్రశ్న. వ్యాజ్యాల వాతావరణంలో జీవించిన రచయితకు ఇది తట్టలేదనుకోవడం మాత్రం కష్టం.

సౌజన్యారావు తీర్పును కూడా ఇదే దృష్టితో చదవవచ్చు. బుచ్చమ్మను పూనాలోని విడోస్ హోముకు పంపడం, గిరీశం చదువు పూర్తిచేసిన తరువాతనే పెళ్లి మాట తలపెట్టడం అన్న ఏర్పాటును నైతిక పరీక్షగా వ్యాఖ్యానించడం పరిపాటి. న్యాయవాది చేసిన ఏర్పాటు అన్న సంగతి మరువరాదు. పెళ్లి వాయిదా పడినంత కాలం ఆమె చట్టం దృష్టిలో జీవించే ఉంటుంది, హక్కు కూడా నిలిచే ఉంటుంది. అయితే ఈ రక్షణకు ఆమె చెల్లించిన మూల్యం తక్కువ కాదు. పూనాలో కర్వే 1896లో నెలకొల్పిన వితంతు శరణాలయం వంటి సంస్థలు ఆనాడు దేశమంతటికీ ఆదర్శాలు. అగ్రహారం దాటి ఎరుగని తెలుగు పిల్లకు అది భాష తెలియని పరదేశం. వెళ్లడం తనకు సమ్మతమో కాదో ఆమె చేత చెప్పించకుండానే నాటకం ముగుస్తుంది. తండ్రి, ప్రియుడు, ప్లీడరు అందరూ ఆమె గురించి నిర్ణయించినవారే. ఆధునికతకు ప్రవేశద్వారమన్న ప్రశంస ఈ ముగింపుకు పాక్షికంగానే వర్తిస్తుంది.

ఇక్కడ మరొక వితంతువును స్మరించడం అప్రస్తుతం కాదు. 1897లో ఆనందగజపతి నిస్సంతుగా మరణించారు. తల్లి దత్తత చేసుకొన్నారు, వారసత్వ వివాదం రేగింది. మహారాజు సోదరి, రీవా మహారాజు వితంతువైన అప్పలకొండయాంబ వద్ద గురజాడ ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు, సంస్థానపు వ్యాజ్య వ్యవహారాలు చూశారు. 1909 నాటి రెండవ కూర్పు, అనగా మొదటిదాని కంటె ఎంతో పెరిగి నేడు మనం చదివే నాటకం, ఈ కొలువు కాలంలో రూపుదిద్దుకొన్నది. దూరదేశపు కోడలిగా వెళ్లి, వైధవ్యంతో పుట్టింటి సంస్థానపు వివాదాల మధ్య నిలిచిన సంపన్న స్త్రీని రచయిత అనుదినం చూశారు. ఆమె నాటకంలో పాత్రగా లేదు. బుచ్చమ్మలో ఆమె ఛాయను వెదకడం అతివ్యాప్తి అవుతుంది. ఆ కొలువు గురజాడకు ఇచ్చినది పాత్ర కాదు, పరిచయం: ఆస్తి ఉన్న వితంతువు చుట్టూ ఎంతమంది హితైషులు పోగవుతారో తెలిసిన పరిచయం. అవధాన్లు, గిరీశం ఇద్దరూ బుచ్చమ్మకు అటువంటి హితైషులే.

ఈ ప్రశ్నను విజయనగరంలోనే తరువాతి తరంలో చాగంటి సోమయాజులు మరొక విధంగా అందుకొన్నారు. 'ఏలూరెళ్లాలి' కథలో ముసలి భర్త గల మాణిక్యమ్మ, ఆస్తి జ్ఞాతుల పాలు కాకుండా ఉండడానికి పరాయి కుర్రవాని వల్ల బిడ్డను కంటుంది. ఏళ్ల తరువాత రైలులో అతనికి ఎదురైనప్పుడు ఆ సంగతి నిస్సంకోచంగా చెబుతుంది. స్వయంగా దత్తతకు వచ్చిన చాసోకు వారసత్వమంటే ఏమిటో పుస్తకాల వల్ల తెలియలేదు. మాణిక్యమ్మ శీలాన్ని గూర్చి వాదించిన విమర్శ ఎంతో ఉన్నది. ఆమె చేసినది గిరీశం చేయలేని లెక్క. బుచ్చమ్మ పేర ఎవరెవరో వేసిన దావాను మాణిక్యమ్మ తానే వేసి, తానే గెలిచి, రైలెక్కింది. ఆమె ప్రయాణం పూనాకు కాదు.