చేయి ఎత్తితే తెలిసే పనితనం

స్పెయిన్ ఉత్తర తీరాన, బాస్క్ ప్రాంతంలో గెటారియా అని ఒక చిన్న బెస్త ఊరు ఉంది. ఫ్యాషన్ లోకం గురువుగా చూసిన క్రిస్టోబల్ బలెన్సియాగా 1895లో అక్కడే పుట్టాడు. 2011లో ఆయన పేరుతో మ్యూజియం తెరిచింది కూడా అక్కడే. గుట్ట మీద ఆల్డమార్ అనే పాత మహలు, దాన్ని ఆనుకుని నల్లద్దాల కొత్త భవనం. ఆ మహలుకీ ఆయనకీ చుట్టరికం లాంటిదే ఉంది. తండ్రి సముద్రం మీద బతికిన మనిషి. ఆయన పోయాక ఇల్లు నడిచింది తల్లి సూది మీద. వేసవికి ఆ మహల్లో దిగే కాసా టోరెస్ ప్రభు కుటుంబపు పెద్దావిడకి ఆమే బట్టలు కుట్టేది. తల్లి వెంట వెళ్లిన పిల్లవాడు మేలైన కోతంటే ఏమిటో మొదట చూసింది ఆవిడ బట్టల్లోనే. అదే వంశపు ఆడపడుచు ఫాబియోలా 1960లో బెల్జియం రాణి అయినప్పుడు పెళ్లి గౌను తయారుచేసింది ఈ దర్జీ తల్లి కొడుకే.

నేను ఆ మ్యూజియం చూడ్డానికి వెళ్లాను. లోపల వెలుతురు చాలా తక్కువ. పట్టు, ఉన్ని వెలిసిపోకుండా ఉండాలంటే 50 లక్స్‌కి మించి వెలుగు పడనివ్వకూడదని మ్యూజియం వాళ్ల నియమం. కళ్లు అలవాటు పడటానికి కొంచెంసేపు పట్టింది. పడ్డాక నా చూపు పోయింది చేతుల మీదికి. కుట్టుపని తెలిసినవాళ్లు ఏ బట్టనైనా ముందు అక్కడే చూస్తారు.

రవిక కుట్టడంలో అన్నిటికన్నా కష్టం చేతులు ఎక్కించడమే. చంక దగ్గర వదులుంటే హాయిగా ఉంటుందనుకుని చాలామంది అలాగే కుట్టమంటారు. జరిగేది దానికి విరుద్ధం. చంక గుంట ఎంత కిందికి దిగితే, చేయి ఎత్తినప్పుడు రవిక మొత్తం అంత పైకి లేస్తుంది. నడుం దగ్గర అంచు లేచిపోతుంది, భుజం మీద ముడత పడుతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండి, చేతి గుడ్డ సరైన వాలులో కోసి ఉంటే చేయి ఒక్కటే కదులుతుంది. మిగతా గుడ్డ ఉన్నచోటే ఉంటుంది. అర అంగుళం తేడా చాలు, అంతా మారిపోవడానికి.

బలెన్సియాగా జీవితమంతా ఈ అర అంగుళంతోనే కుస్తీ పట్టాడు. తృప్తి కలగకపోతే పూర్తయిన కోటుకి సైతం చేతులు విప్పి మళ్లీ ఎక్కించేవాడు. తెలిసినవాళ్లు తొడుక్కున్న బట్టల చేతుల్ని కూడా సరిచేయకుండా ఉండలేకపోయేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పారు. ఈ పట్టుదల ఆయనకి చిన్నప్పుడే, సాన్ సెబాస్టియన్‌లో దర్జీల దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడే అబ్బి ఉంటుందని నా నమ్మకం. 1937లో ప్యారిస్‌లో దుకాణం తెరిచేనాటికి ఆయన ఊహించడం, కత్తిరించడం, కుట్టడం అన్నీ స్వయంగా చేయగల మనిషి. ఈ పనులన్నీ ఒక్క చేత్తో చేయగలవాడు ఆయనొక్కడే అని తోటి డిజైనర్ కొకో షనెల్ మెచ్చుకుందంటే, ఆ రోజుల్లో కూడా అలాంటివాళ్లు అరుదే అన్నమాట.

ఆయన బట్టలు ఏటేటా ఎలా మారాయో చెప్పుకోవాలంటే చాలా ఉంది. ముందు ఒంటికి పట్టి, వెనక వదులుగా జారే కోట్లు, 1957 నాటి గోనెసంచి ఆకారపు గౌను, 1961లో ఒకే ఒక్క అతుకుతో కోసిన కోటు. స్విట్జర్లాండ్‌లోని అబ్రహాం కంపెనీ చేత గజార్ అనే బిరుసు పట్టు నేయించి, గుడ్డ తనంతట తాను నిలబడేలా చేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ అతుకులు తగ్గాయి, అలంకారం తగ్గింది. 1968లో దుకాణం మూసేశాడు, 1972లో పోయాడు. సమాధి గెటారియాలోనే.

అయితే ఆ గదుల్లో తిరుగుతున్నంతసేపూ నన్నొక కొరత వెంటాడింది. బొమ్మలు చేతులు ఎత్తవు. ఈయన పనితనమంతా మనిషి కదిలినప్పుడు తెలిసేది, బట్ట తిరగేస్తే కనబడేది. గాజు వెనక నిలబెట్టిన కోటులో మనకి దక్కేది బయటి రూపం మాత్రమే. ఏ మ్యూజియమైనా ఇలాంటి చేతిపని చూపేటప్పుడు లోపలి వైపు, కాగితం కోతలు, కచ్చా కుట్లు కూడా చూపించి తీరాలి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2017లో ఈయన గౌన్లకి ఎక్స్‌రేలు తీయించి ప్రదర్శించింది. గుడ్డ మడతల్లో దాగిన బద్దలు, బరువు కోసం కుట్టిన చిన్న బిళ్లలు అందులో బయటపడ్డాయి. కుట్టేవాళ్లకి అంతకు మించిన పాఠం ఉండదు.

తిరిగొచ్చాక నా ఆలోచనంతా మన రవిక మీదే. చేనేత ప్రదర్శనలకి వెళ్తే చీర గురించి ఊరు, నేత, అద్దకం, అన్నీ రాసి పెడతారు. పక్కన రవిక ఉంటే దాని గురించి ఒక్క ముక్క ఉండదు. క్రాస్ కటింగ్ రవికలో గుడ్డని ఏటవాలుగా తిప్పి ఒంటి వంపుకి అమర్చే తెలివి చిన్నదా? మన ఊళ్లలో ఆ పని చేసే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆది జాకెట్టు ఒకటి చేతిలో పెట్టి వచ్చేస్తాం. అందులో తప్పులుంటే సరిదిద్ది మరీ కుట్టి ఇస్తారు. ఆ సరిదిద్దిన సంగతి మనకి చెప్పరు కూడా. వాళ్ల పేరు ఏ బట్ట మీదా ఉండదు.

మీ బీరువాలో అమ్మదో అమ్మమ్మదో పెళ్లినాటి రవిక ఉంటే దాన్ని విప్పి మరొకటి కుట్టించకండి. ఒకసారి తిరగేసి చంక దగ్గరి కుట్టు చూడండి. కుట్టిందెవరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఒక నూలు గుడ్డ పీలిక మీద రాసి లోపలి వైపు రెండు టాకాలు వేసి పెట్టండి.