సలహా చెప్పే కుర్చీ

అమెరికాలో ఏటా ఫిబ్రవరిని నల్లవాళ్ళ చరిత్ర నెలగా జరుపుతారు. నల్ల రచయితల పుస్తకాలు బల్లమీద పేరుస్తారు, గోడలకి ఫోటోలు అంటిస్తారు. మంచిదే. ఏప్రిల్ 14న దండేసి 15న మర్చిపోయే బాపతు మనకీ తెలియంది కాదు. నా పేచీ పండగతో కాదు. బడిపిల్లలకి దారి చూపే కౌన్సెలర్లని తయారుచేసే చోట నల్ల రచయిత ఎవరు? దండేసే బొమ్మా, పాఠం చెప్పే గురువా?

మాల్కం ఎక్స్ ఆత్మకథ (1965) కౌన్సెలింగ్ పుస్తకం కాదు. అయినా కౌన్సెలర్ కాబోయేవాడు ముందు చదవాల్సింది అదే అంటాను. మాల్కం చెబుతుంటే రాసినవాడు అలెక్స్ హేలీ, మనం 'ఏడు తరాలు'గా చదువుకున్న పుస్తకం రాసినాయనే. మిషిగన్ రాష్ట్రం, మేసన్ ఊళ్ళో తెల్లపిల్లల బడి. మార్కుల్లో ముందున్న నల్ల పిల్లోడు లాయరవుతానంటాడు. అతన్ని ఇష్టపడే సారే, నీ జాతికి అది కుదరదు, చేతిపని బాగా వస్తుంది గదా, వడ్రంగం చూసుకో అంటాడు. అతనికన్నా వెనకబడ్డ తెల్లపిల్లల్ని మాత్రం వాళ్ళు కోరుకున్న దారికే పొమ్మంటాడు. ఆ సారు దుర్మార్గుడు కాడు. భయమేసేది అక్కడే. తిట్టలేదు, కొట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ప్రేమగా కాళ్ళు నరికాడు.

పదో తరగతి అయ్యాక నాకూ ఒక సారు అంత ప్రేమగానే చెప్పాడు: "ఎంపీసీ ఎందుకురా నీకు? ఐటీఐలో చేరు, తొందరగా నాలుగు డబ్బులొస్తాయి." మా అమ్మ ఆయనకి దండం కూడా పెట్టింది. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ మొహం చూసినోళ్ళు లేరు. ఆ మాట తప్పని చెప్పడానికి ఎవరున్నారు?

అమెరికా బడుల్లో ఈ ఉద్యోగం ఎందుకు పెరిగిందో చూడండి. 1957లో రష్యా స్పుత్నిక్‌ని ఎగరేసింది. అమెరికా ఉలిక్కిపడి 1958లో దేశరక్షణ పేరుతోనే ఒక విద్యా చట్టం తెచ్చింది. తెలివైన పిల్లల్ని ఏరడానికి పరీక్షలు, ఏరేవాళ్ళకి శిక్షణ, దానికి డబ్బు. అంటే కౌన్సెలర్ చేతికి ముందు దొరికింది జల్లెడ. ఆ జల్లెడ కంతలు ఎవరి కొలతతో చేశారని అడిగినవాళ్ళు నల్ల రచయితలు.

జోసెఫ్ వైట్ 1970లో 'ఎబొనీ' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళ కోసం కట్టిన సిద్ధాంతాలతో నల్ల బతుకుని కొలిస్తే ఎప్పుడూ లోటే కనిపిస్తుందన్నాడు. యూనివర్సిటీ జర్నల్‌లో కాదు, మామూలు జనం కొనుక్కునే పత్రికలో! నాకు నచ్చింది అదీ. రాబర్ట్ విలియమ్స్ 1972లో ఇంకా కొంటెపని చేశాడు. నల్లవాడల మాటలతోనే ఒక తెలివి పరీక్ష తయారుచేశాడు. అందులో వెనకబడింది తెల్లపిల్లలు. మా వాడ మాటలతో పేపరిస్తే ఊళ్ళో దొరబిడ్డలకి ఎన్ని మార్కులొచ్చేవో!

అయితే గురువులనగానే అన్నిటికీ తలూపాలనేం లేదు. కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ దంపతులు నల్ల పిల్లల ముందు నల్లబొమ్మ, తెల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది తెల్లబొమ్మనే చూపారు. వేరు బడులు చెల్లవన్న 1954 బ్రౌన్ తీర్పు అడుగున కెన్నెత్ క్లార్క్ రచనని పేర్కొన్నారు. అది పెద్ద గెలుపు, కాదనేది లేదు. కానీ ఆ గెలుపుతో పాటు ఒక బొమ్మ కూడా స్థిరపడింది: నల్లపిల్ల అంటే తనని తాను అసహ్యించుకునే పిల్ల, లోపల విరిగిన పిల్ల. జాలిపడే కౌన్సెలర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఈ బొమ్మని గట్టిగా ప్రశ్నించినవాడు మళ్ళీ నల్లవాడే. విలియం క్రాస్ తన 'షేడ్స్ ఆఫ్ బ్లాక్' (1991)లో, తన జాతిని గురించి పిల్లకున్న భావన వేరు, తనమీద తనకున్న నమ్మకం వేరు, రెండూ ఒకటి చేసి చూడొద్దన్నాడు. నల్ల కుటుంబాలు పిల్లలకిచ్చిన బలాన్ని లెక్కలోకి తెచ్చాడు. నల్ల అస్తిత్వం మేలుకునే దశల గురించి 1971లో తానే రాసిన సిద్ధాంతాన్నీ అక్కడే దిద్దుకున్నాడు. ఆ దశల్ని నిచ్చెన మెట్లలాగ పట్టుకుని 'ఈ పిల్లోడు రెండో మెట్టు' అని చీటీ అంటిస్తే జల్లెడ మళ్ళీ వచ్చినట్టే. శిక్షణలో 1971 వ్యాసం ఒక్కటే చెప్పి 1991 పుస్తకం వదిలేస్తే, అది క్రాస్‌ని చదివినట్టు కాదు.

కౌన్సెలర్లకి పాఠం చెప్పే షెరిల్ హోల్కోంబ్-మెకాయ్ 2007లో నేరుగా బడి కౌన్సెలింగ్ మీదే పుస్తకం రాసింది. ఆమె పిల్ల మనసులోకి తొంగిచూడటంతో ఆగదు. బడి లెక్కలు తియ్యమంటుంది. పైకోర్సుల్లో ఎవరున్నారు, బయటికి పంపేది ఎవర్ని, రంగుల వారీగా రాయమంటుంది. ఆ లెక్క పట్టుకుని పిల్ల తరఫున బడితో తగువాడటం కౌన్సెలర్ పనే అంటుంది. హాజరుపట్టీ మోసే పంతులుగా నాకు ఇది చేతికందిన పనిముట్టు. పరీక్ష ఫీజు కట్టనోళ్ళు, నాట్లకి పోయి బడి మానినోళ్ళు, 'వీడికి చదువు రాదు' అనిపించుకున్నోళ్ళు, పేర్లెదురుగా కులం రాసుకుంటూ పోతే పేజీ తనే మాట్లాడుతుంది. నాకు తీరని సందేహం ఒకటుంది. కౌన్సెలర్‌కి జీతం వచ్చేది ఆ బడి నుంచే. హెడ్మాస్టరుతో తగువుపడ్డ మర్నాడు ఆ కుర్చీ అక్కడుంటుందా?